అమెరికా గుర్రపు పందేలు: లక్ష డాలర్ల పిలుపు

గుర్రపు పందెం రాజుల వినోదమని ఇంగ్లండులో ఒక మాట వాడుకలో ఉన్నది. ఆ దేశంలో రాజులే గుర్రాలను పెంచారు, రాజులే పందేలు పెట్టారు. రెండవ చార్లెస్ రాజు న్యూమార్కెట్ మైదానంలో తానే రౌతై పరుగెత్తి గెలిచినట్లు కూడా చరిత్ర చెబుతున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రాజులు లేరు. అక్కడ ఆ ఆసనం ధనానికి దక్కింది. ఎంత సొమ్ము పెట్టారన్నదే పందెం గొప్పతనానికి కొలత అయింది. తమ గుర్రాలు ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల గుర్రాలకు ఏ విధంగానూ తీసిపోవని లోకానికి చాటవలెనన్న తహతహ ఆ దేశీయులకు నూరేళ్లకు పైగా ఉన్నది. అందుకు వారు ఎన్నుకున్న సాధనం కూడా ధనమే. దేశదేశాల గుర్రాలను ఒకచోట చేర్చడానికి ధనం చాలునా, చేర్చిన తరువాత వాటి బలాబలాలు న్యాయంగా తేలుతాయా అన్నది ఈ ప్రసంగంలో మనం విచారించబోయే విషయం.

పందెపు సొమ్ము అన్న మాటకు అర్థం అన్ని కాలాల్లోనూ ఒకటి కాదు. పూర్వం అది ఇద్దరు యజమానులు చెరిసగం పెట్టుకున్న ఒడ్డు మాత్రమే. గెలిచినవాడు రెండు వంతులూ తీసుకునిపోయేవాడు. ఈ పద్ధతిలో జరిగిన పందేలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1823 మే 27వ తేదీన న్యూయార్కు సమీపాన లాంగ్ ఐలండులో, యూనియన్ కోర్స్ అనే మైదానంలో జరిగింది. ఉత్తర రాష్ట్రాల పక్షాన ఎక్లిప్స్ అనే తొమ్మిదేళ్ల గుర్రం నిలిచింది. దక్షిణ రాష్ట్రాల పక్షాన హెన్రీ అనే నాలుగేళ్లు నిండని గుర్రం వచ్చింది. ఒక్కొక్క పక్షం ఒడ్డినది 20,000 డాలర్లు. పరుగు నాలుగు మైళ్లు. అదైనా ఒకమారు కాదు, మూడు విడతలలో రెండు గెలవాలి. ఈనాటి గుర్రాలను మైలుంపావు పరుగెత్తించి, తిరిగి నెలరోజులు లాయంలో విశ్రాంతి ఇస్తున్నారంటే ఆనాటి జంతువుల దారుఢ్యం ఎంతటిదో ఊహించుకోవచ్చు. మొదటి విడత హెన్రీ గెలిచింది. ఉత్తరాది వారు రౌతును మార్చి, శామ్యూల్ పర్డీ అనే అనుభవజ్ఞుని ఎక్కించారు. తక్కిన రెండు విడతలూ ఎక్లిప్స్ గెలిచింది. బానిసత్వం విషయమై ఉత్తర దక్షిణాల మధ్య 1820లో రాజీ కుదిరి మూడేళ్లే అయిన ఆ రోజుల్లో, అక్కడ చేరిన జనం చూచినది గుర్రాలను మాత్రమే కాదు.

దేశంలోని పోటీలు ఇలా సాగుతుండగా, రిచర్డ్ టెన్ బ్రూక్ అనే ఆయనకు తన గుర్రాలను ఓడలో ఎక్కించి ఇంగ్లండుకే తీసుకుపోవాలన్న ఆలోచన కలిగింది. మొదట ఓటములే ఎదురైనవి. 1857లో ప్రయోరెస్ అనే ఆయన ఆడ గుర్రం న్యూమార్కెట్‌లో సిజరెవిచ్ పందెంలో మరి రెండు గుర్రాలతో సమానంగా గీటు దాటింది. మూడింటినీ అదే రోజున తిరిగి పరుగెత్తించగా ప్రయోరెస్ గెలిచింది. అసలైన సంచలనం 1881లో కలిగింది. పొగాకు వర్తకుడు పియర్ లోరిలార్డ్‌కు చెందిన ఇరోక్వాయ్ అనే గుర్రం ఎప్సమ్ డెర్బీ గెలిచింది. అమెరికాలో పుట్టిన గుర్రం ఆ పందెం గెలవడం అదే మొదలు. అదే ఏట ఫాక్స్‌హాల్ అనే మరొక అమెరికా గుర్రం పారిస్ మహాపందెం గెలిచింది. ఇరోక్వాయ్ మీద కూర్చున్న రౌతు మాత్రం ఇంగ్లండులో సాటిలేని ఫ్రెడ్ ఆర్చర్. గుర్రం మాది, స్వారీ మీది అని ఇరుపక్షాల వారూ సంతోషించడానికి అవకాశం కలిగింది.

ఈ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో జూదానికి వ్యతిరేకంగా అమెరికాలో పెద్ద ఉద్యమం లేచింది. న్యూయార్కు రాష్ట్రం 1908లో పందేల మీద సొమ్ము కాయడాన్ని కఠినంగా నిషేధించింది. 1911, 1912 సంవత్సరాలలో ఆ రాష్ట్రంలో గుర్రపు పందేలే జరగలేదు. దాణా ఖర్చులు భరించలేక యజమానులు గుర్రాలను గుంపులు గుంపులుగా ఐరోపాకు పంపివేశారు. అప్పుడు ఇంగ్లండులోని పెంపకందార్లకు భయం పట్టుకున్నది. అంతర్యుద్ధంలోనూ ఇతర కారణాల వల్లనూ అమెరికా గుర్రాల వంశావళి పత్రాలు కొన్ని లోపించాయన్న మాట నిజమే. దానిని ఆధారం చేసుకుని 1913లో ఒక నిబంధన పుట్టించారు. తల్లి వైపునా తండ్రి వైపునా పూర్వులందరూ తమ వంశావళి గ్రంథంలో నమోదై ఉంటే తప్ప ఆ గుర్రాన్ని మేలుజాతిగా అంగీకరింపరాదన్నారు. దీనిని ప్రతిపాదించిన ప్రభువు పేరిట లోకం దానిని జెర్సీ శాసనమని పిలిచింది. కులం లెక్క అడిగి పంక్తిలో నుండి లేపివేయడం వంటిదే ఇది. మరుసటి ఏడే, 1914లో, డర్బార్ అనే గుర్రం ఎప్సమ్ డెర్బీ గెలిచింది. దాని తల్లి అమెరికా గుర్రం. ఇంగ్లండులోకెల్లా గొప్ప పందెం గెలిచిన ఆ గుర్రం ఇంగ్లండు గ్రంథం ప్రకారం మేలుజాతిది కాదు! ఈ నిబంధన 1949 దాకా తొలగలేదు.

ఇటువంటి అవమానం మనసులో ఉండగా జరిగినదే 1923 నాటి ప్రసిద్ధమైన పోటీ. ఆ యేటి ఎప్సమ్ డెర్బీ విజేత పపైరస్‌ను అమెరికాకు ఆహ్వానించారు. లక్ష డాలర్ల సొమ్ము ఏర్పాటు చేశారు. గెలిచినవారికి 80,000, ఓడినవారికి 20,000. ఓడినా ఉత్త చేతులతో పోనక్కరలేదు. ఇది కేవలం ఒడ్డు కాదు, పిలుపు. సముద్రం దాటి రమ్మని చేసిన పిలుపు. అక్విటేనియా అనే పెద్ద ఓడలో పపైరస్ సుమారు మూడు వారాల ముందు న్యూయార్కు చేరింది. ఎదురు నిలిచిన అమెరికా గుర్రం జెవ్. ఆ యేటి కెంటకీ డెర్బీ విజేత. దాని యజమాని హ్యారీ సింక్లెయిర్, చమురు వ్యాపారంలో కోట్లు గడించినవాడు. తన న్యాయవాది పేరులోని మొదటి భాగాన్ని గుర్రానికి పెట్టుకున్నాడు. ప్రభుత్వ చమురు భూములను లంచమిచ్చి కౌలుకు సంపాదించాడన్న ఆరోపణ మీద సెనేటు విచారణ కూడా అదే నెలలో మొదలైంది. ఆ వ్యవహారం ముదిరి, 1929లో సింక్లెయిర్ జైలుకు కూడా వెళ్లివచ్చాడు. అయితే అక్టోబరు 20వ తేదీన బెల్మాంట్ పార్కులో చేరిన జనానికి ఆ సంగతులు పట్టలేదు.

ముందురోజు రాత్రి వర్షం కురిసింది. ఇంగ్లండులో పందేలు పచ్చికమీద జరుగుతాయి. అమెరికాలో పెద్ద పందేలు మట్టి బాటమీద జరుగుతాయి. వర్షానికి ఆ మట్టి జారుడు బురద అయింది. అటువంటి బాటమీద గుర్రానికి పట్టు దొరకాలంటే లాడాలకు అడుగున మేకుల వంటి మొనలు ఉండాలి. జెవ్ కాళ్లకు అవి ఉన్నవి. పపైరస్‌కు కూడా అటువంటి లాడాలు వేయించమని తెలిసిన అమెరికను శిక్షకుడొకరు సలహా ఇచ్చారు. దాని శిక్షకుడు బాసిల్ జార్విస్ అందుకు సమ్మతించలేదు. అలవాటులేని లాడాలతో కాలు చెడిపోతుందని ఆయన భయం కావచ్చు. నున్నని లాడాలతోనే పపైరస్ బరిలో దిగింది. ఇంగ్లండులోని మేటి రౌతులలో ఒకడైన స్టీవ్ డోనహ్యూ దానిమీద ఉన్నాడు. ఎర్ల్ శాండీ జెవ్ మీద ఉన్నాడు. మైలున్నర పరుగు. జెవ్ ఐదు గుర్రాల పొడవు ఎడంతో గెలిచింది.

పత్రికలు అమెరికా జయమని రాశాయి. ఇంగ్లండు వారు లాడాలను నిందించారు. రెండూ పాక్షికమైన మాటలే. ఓడ ప్రయాణం చేసి వచ్చి, తెలియని నేలమీద, తెలియని వాతావరణంలో, ఇంటి గుర్రానికి అనువైన నిబంధనలతో పరుగెత్తిన పపైరస్ ఓటమి దాని శక్తికి కొలత కాదు. అంతకంటె వింతైనది మరొకటి ఉన్నది. జెవ్ నిజంగా అమెరికాలో మేటి గుర్రమేనా అన్న సందేహం కొద్ది వారాలలోనే తలెత్తింది. నవంబరులో కెంటకీలోని లటోనియా మైదానంలో ఇన్ మెమోరియమ్ అనే గుర్రం దానిని ఓడించింది. అయినా లక్ష డాలర్ల మహిమ సామాన్యం కాదు. జెవ్ తన జీవితంలో గడించిన మొత్తం 3,13,639 డాలర్లు. అంతకుముందు అగ్రస్థానంలో ఉన్న మాన్ ఓ వార్ గడించినది 2,49,465 డాలర్లు మాత్రమే. మాన్ ఓ వార్ కంటె జెవ్ మేలైన గుర్రమని మాత్రం ఆనాడు గాని ఈనాడు గాని ఎవరూ అనరు. సొమ్ము లెక్క వేరు, గుర్రం లెక్క వేరు అన్న సంగతి ఇక్కడే స్పష్టపడుతున్నది.

మరుసటి సంవత్సరం ఎపినార్ అనే ఫ్రెంచి గుర్రం వచ్చింది. ఈమారు ఒక పందెం చాలదని మూడు ఏర్పాటు చేశారు: బెల్మాంటులో ఆరు ఫర్లాంగులు, అక్విడక్టులో ఒక మైలు, లటోనియాలో మైలుంపావు. ఎపినార్ మూడింటిలోనూ రెండవ స్థానంలో వచ్చింది. మొదటి దానిలో వైజ్ కౌన్సెలర్, రెండవ దానిలో లాడ్కిన్, మూడవ దానిలో శారజెన్ గెలిచాయి. ఒక్కొక్క దూరానికి ఒక్కొక్క కొత్త గుర్రం ఎదురు నిలవగా, మూడు దూరాలలోనూ అందరినీ ఎదిరించి రెండవదిగా నిలిచిన ఎపినార్‌నే ఆనాటి విజేతగా లెక్కించాలని నా అభిప్రాయం. ఖజానా పుస్తకంలో ఆ అభిప్రాయానికి చోటు లేదు.

ఇంతకూ ఈ సొమ్మంతా ఎక్కడనుండి వస్తున్నది? పందొమ్మిదవ శతాబ్దపు చివర పెద్ద పందేలకు సొమ్ము యజమానుల నమోదు రుసుముల వల్ల పోగయ్యేది. 1888లో న్యూయార్కులో ఆరంభమైన ఫ్యూచురిటీ పందేనికి తల్లి కడుపులో ఉన్న పిల్లలనే నమోదు చేయించేవారు. పుట్టని గుర్రానికి రుసుము! అలా పోగైనందువల్లనే తొలి విజేతకు 40,000 డాలర్లు మించి దక్కినవి. తరువాతి కాలంలో ఆ స్థానం ప్రేక్షకుని జేబు ఆక్రమించింది. ఫ్రాన్సులో పుట్టిన పారిమ్యూచుయల్ పద్ధతిలో, కాసిన సొమ్మంతా ఒకే రాశిలో పడుతుంది. అందులో నిర్ణీతమైన వంతు తీసివేసి మిగిలినది గెలిచిన టిక్కెట్లకు పంచుతారు. తీసిన వంతులో కొంత ప్రభుత్వానికి పన్ను, కొంత మైదానం ఖర్చులకు, కొంత బహుమతులకు పోతుంది. 1929 తరువాత ఆర్థిక మాంద్యంలో ఖజానాలు ఖాళీ అయిన రాష్ట్రాలకు ఈ పన్ను ఎంతో ఆకర్షణీయంగా కనబడింది. పాతికేళ్ల క్రితం పాపమన్నది ఇప్పుడు ఆదాయమైంది. కాలిఫోర్నియా 1933లో అనుమతించింది. న్యూయార్కులో ఈ యంత్రాలు 1940లో ప్రవేశించాయి. దేశంలో రొట్టె కోసం వరుసలు కట్టి నిలిచిన రోజుల్లోనే, 1935లో, కాలిఫోర్నియాలోని శాంటా అనీటాలో లక్ష డాలర్ల హ్యాండిక్యాప్ పందెం ఆరంభమైంది. అజూకర్ అనే గుర్రం గెలిచి 1,08,400 డాలర్లు తెచ్చుకున్నది. అది అంతకుముందు అడ్డుకట్టలు దూకే పందేలలో తిరిగిన గుర్రం. ఆ యేటి కెంటకీ డెర్బీ విజేతకు దక్కినది నలభై వేలకు లోపు.

పిలుపు విని వచ్చి తిరిగిపోని గుర్రం ఒకటి ఉన్నది. న్యూజీలండులో పుట్టి ఆస్ట్రేలియాలో పేరుగాంచిన ఫార్ ల్యాప్‌ను 1932లో పసిఫిక్ సముద్రం దాటించి తీసుకువచ్చారు. మెక్సికో సరిహద్దుకు అవతల ఉన్న అగ్వా కాలియెంటే మైదానంలో లక్ష డాలర్ల పందెమని ప్రకటన. మాంద్యం వల్ల ఆ లక్ష యాభై వేలకు తగ్గింది. మార్చి 20వ తేదీన, గిట్ట పగిలి ఉండి కూడా ఫార్ ల్యాప్ గెలిచింది. పదహారు రోజుల తరువాత, ఏప్రిల్ 5న, కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో బాధతో విలవిలలాడి చనిపోయింది. విషం పెట్టారని ఆస్ట్రేలియాలో ఇంటింటా చెప్పుకున్నారు. ఈ శతాబ్దిలో దాని జూలు వెంట్రుకలను శాస్త్రజ్ఞులు పరీక్షించి, మరణానికి ముందు ఒకటి రెండు రోజులలో పెద్ద మోతాదు పాషాణం దాని శరీరంలో చేరినట్లు కనుగొన్నారు. ఆ రోజుల్లో గుర్రాలకు బలం మందులలోనే పాషాణం కలిపేవారు కనుక చేయి ఎవరిదో తేలలేదు. దాని చర్మం మెల్‌బోర్న్‌లోనూ, గుండె కాన్‌బెర్రాలోనూ, ఎముకలు వెల్లింగ్టన్‌లోనూ భద్రపరచారు.

రేడియో పెట్టె ముందు కూర్చునే మనకు ఆసక్తి కలిగించే ఘట్టం 1938 నాటిది. సీబిస్కిట్, వార్ అడ్మిరల్ అనే రెండు గుర్రాలకు బెల్మాంటులో లక్ష డాలర్ల పోటీ నిశ్చయమై, సీబిస్కిట్ మోకాళ్ల నొప్పుల వల్ల ఆగిపోయింది. చివరకు నవంబరు 1వ తేదీన బాల్టిమోర్‌లోని పిమ్లికోలో కేవలం 15,000 డాలర్లకు ఆ పోటీ జరిగింది. వ్యాఖ్యాత క్లెమ్ మెకార్తీ జనం కిక్కిరిసిపోవడంతో తన గదికి చేరలేక, బాట పక్కన కంచె వద్దనే నిలిచి వర్ణించాడు. నాలుగు కోట్లమంది విన్నారని అంచనా. కొలతకు లొంగని కీర్తి తెచ్చిన పందెం అన్నిటికంటె చౌకగా జరిగింది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత రెండు కొత్త వసతులు ఏర్పడ్డాయి. ఒకటి విమానం: పది దినాల ఓడ ప్రయాణం పోయి, గుర్రం ఒకటి రెండు రోజులలో సముద్రం దాటసాగింది. రెండవది మేరీలాండులోని లారెల్ మైదానాధిపతి జాన్ షపీరో బుర్రలో పుట్టిన ఆలోచన. 1952లో ఆయన వాషింగ్టన్ ఇంటర్నేషనల్ అనే పందెం నెలకొల్పి, పపైరస్ నాటి పాఠం బాగా నేర్చుకున్నట్లు ప్రవర్తించాడు. మట్టి బాట కాదు, పచ్చిక. మైలున్నర దూరం. తొలి ఏళ్లలో ఇనుప తలుపుల పెట్టెలనుండి కాక, ఐరోపా పద్ధతిలో నాడా కట్టి ఆరంభించేవారు. దారి ఖర్చులు ఆతిథేయులవే. ఇంటివాడు అతిథికి తన పీట వదలి కూర్చోబెట్టినట్లున్నది. ఫలితం వెంటనే కనబడింది: మొదటి ఏడు ఇంగ్లండు గుర్రం విల్విన్, రెండవ ఏడు ఫ్రెంచి గుర్రం వోర్డెన్ గెలిచాయి. 1955లో ఎవరూ లెక్కచేయని వెనిజులా నుండి వచ్చిన రెండు గుర్రాలు మొదటి రెండు స్థానాలూ తీసుకుపోయాయి.

1958లో సోవియట్ రష్యా నుండి గార్నిర్, జర్యాద్ అనే గుర్రాలు వచ్చాయి. రెండు ప్రభుత్వాలు అణ్వస్త్రాలు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చున్న దినాలవి. రాజధానికి ఇరవై మైళ్ల దూరంలో నికొలాయ్ నసీబొవ్ అనే సోవియట్ రౌతు అమెరికను రౌతుల పక్కన జీను వేసుకున్నాడు. ఆ గుర్రాలు గెలవలేదు. తరువాత వచ్చిన అనిలిన్ అనే సోవియట్ గుర్రం మాత్రం 1964లో మూడవ స్థానం, 1966లో రెండవ స్థానం సంపాదించింది. 1964లో గెలిచినది కెల్సో. అంతకుముందు మూడేళ్లూ వరుసగా రెండవదిగా వచ్చిన ఆ అమెరికా గుర్రం ఏడేళ్ల వయసులో, 2 నిమిషాల 23 4/5 సెకండ్లలో మైలున్నర పరుగెత్తి తన కోరిక తీర్చుకున్నది. కెల్సో బీజం తీసిన గుర్రం. సంతానం వల్ల వచ్చే ఆదాయం దానికి లేదు. కాళ్ల సంపాదనే సంపాదన. అది జీవితంలో గడించిన 19,77,896 డాలర్లు చాల ఏళ్లు ఎవరికీ అందలేదు.

1971 నాటి కన్యొనెరో కథ ఇక్కడ చెప్పక తప్పదు. కెంటకీలోనే పుట్టి, కాలు వంకరని 1,200 డాలర్లకు అమ్ముడై వెనిజులా చేరిన గుర్రమది. తిరిగివచ్చి కెంటకీ డెర్బీనీ, ప్రీక్‌నెస్‌నూ గెలిచి, బెల్మాంటులో ఓడిపోయింది. అమ్మినవారు ఆ మధ్యాహ్నాలు ఎలా గడిపారో ఎవరూ రాయలేదు.

సొమ్ము వరద 1981 తరువాత గట్లు తెంచుకున్నది. ఆ యేట చికాగో దగ్గర ఆర్లింగ్టన్‌లో తొలి పది లక్షల డాలర్ల పందెం జరిగింది. ఒకప్పుడు 1,100 డాలర్లకు అమ్ముడైన జాన్ హెన్రీ వెంట్రుకవాసిలో గెలిచింది. 1984 నవంబరు 10వ తేదీన కాలిఫోర్నియాలోని హాలీవుడ్ పార్కులో బ్రీడర్స్ కప్ ఆరంభమైంది. ఒకే దినం ఏడు పందేలు, కోటి డాలర్లు; అందులో క్లాసిక్ అనే ఒక్క పందేనికే ముప్పై లక్షలు. కెంటకీ పెంపకందారు జాన్ గెయిన్స్ కల్పించిన పద్ధతి ఇది. ప్రతి మగ గుర్రం యజమానీ దానిని ఒకసారి దాటించడానికి తీసుకునే రుసుమంత మొత్తం ఏటేటా నిధికి చెల్లించాలి. పుట్టిన పిల్లకు అప్పట్లో మరి 500 డాలర్లు. అంటే ప్రేక్షకుని జేబు మీదనే కాక, పెంపకందార్ల మీద కూడా వారికి వారే పన్ను వేసుకున్నారు. పచ్చిక మీది పందేలలో ఐరోపా గుర్రాలు తొలినాటినుండే గెలుస్తూ వచ్చాయి. మట్టి మీది క్లాసిక్ మాత్రం 1993లో ఫ్రాన్సు నుండి వచ్చిన ఆర్కాంగ్ గెలిచేదాకా వారికి లొంగలేదు. దానిమీద ఒక డాలరు కాసినవారికి నూట ముప్పై మూడు డాలర్లు లాభం వచ్చింది. లారెల్ పందెం ఈ కొత్త పండుగ ముందు వెలవెలబోయి 1990లలో ఆగిపోయింది. అతిథికి పీట వేసిన ఆ ఇంటిని మరచిపోవడం న్యాయమని నాకు తోచదు.

ధనమే పిలుపైతే అంతకంటె ధనవంతుడు పిలిచిననాడు ఏమవుతుంది? 1996లో దుబాయిలో 40 లక్షల డాలర్ల పందెం మొదలుపెట్టగా, అమెరికా గుర్రం సిగార్ ఎడారికి వెళ్లి గెలిచింది. 2017లో ఫ్లారిడాలోని గల్ఫ్‌స్ట్రీమ్ పార్కు వారు ఒక్కొక్క స్థానాన్ని పది లక్షలకు అమ్మి కోటీ ఇరవై లక్షల పందెం పెట్టారు. మూడేళ్లు తిరగకుండానే అది ముప్పై లక్షలకు దిగింది. 2020లో సౌదీ అరేబియా రెండు కోట్ల డాలర్లు ప్రకటించింది. మొదట గీటు దాటిన అమెరికా గుర్రం మాక్సిమమ్ సెక్యూరిటీ శిక్షకునిపై కొద్ది దినాలకే గుర్రాలకు నిషిద్ధమైన మందులు వాడాడన్న నేరం మోపగా, బహుమతి చెల్లింపు నిలిపివేశారు.

ఈలోగా సొమ్ము కంటె నిదానమైన మార్గంలో మరొక దేశం ముందుకు వచ్చింది. 1989లో కెంటకీ డెర్బీనీ బ్రీడర్స్ కప్ క్లాసిక్‌నూ గెలిచిన సండే సైలెన్స్ అనే గుర్రం వంశం మీద అమెరికా పెంపకందార్లకు నమ్మకం కుదరలేదు. జపాను దేశీయుడు జెన్యా యోషిదా దానిని కొని హొక్కైడోకు తీసుకుపోయాడు. 1995 నుండి 2007 వరకు పదమూడేళ్లు వరుసగా దాని సంతానమే జపానులో అందరికంటె ఎక్కువ సొమ్ము గెలిచింది. 2021లో డెల్ మార్‌లో రెండు జపాను ఆడ గుర్రాలు ఒకే దినాన బ్రీడర్స్ కప్ పందేలు గెలిచాయి. వాటి శిక్షకుడు యోషితో యహగి. 2025 నవంబరు 1వ తేదీన అదే డెల్ మార్‌లో, మట్టి బాట మీద, 70 లక్షల డాలర్ల క్లాసిక్ పందేన్ని ఆయన శిక్షణలోని ఫరెవర్ యంగ్ గెలిచింది. అంతకుముందు ఏడు అదే పందెంలో అది మూడవదిగా వచ్చింది. ఫరెవర్ యంగ్ తండ్రి రియల్ స్టీల్. రియల్ స్టీల్ తండ్రి డీప్ ఇంపాక్ట్. డీప్ ఇంపాక్ట్ తండ్రి, అమెరికా వారు వద్దనుకున్న సండే సైలెన్స్.